హస్తవాసి

ఇరవై రెండేళ్లు నా చెయ్యి
కౌంటరు దాకా వెళ్లి వెనక్కొచ్చేది.
పేరు అడిగి, పుట్టినతేదీ అడిగి,
"తిన్నాక వేసుకోండి" అని సంచి అక్కడ పెట్టి
అవతలి చెయ్యి అందుకునేలోపే వదిలేసేది.

గ్రిమ్స్‌బీలో సగంమంది రక్తపోటు నాకు తెలుసు.
ఎవరి మోకాలు ఏ ఏడు మార్చారో,
ఎవరి నిద్రమాత్రలు వారం ముందే నిండుకుంటాయో తెలుసు.
ఒక్కరి చర్మం వెచ్చనో చల్లనో
తెలీదు.

స్కంథార్ప్‌లో, చర్చి వెనక హాల్లో, శనివారం శిక్షణ.
పన్నెండుమందిమి.
మాత్రల్ని ఐదేసి చొప్పున జరిపీ జరిపీ
కాఫీ బిస్కెట్లు కూడా అలాగే లెక్కపెట్టుకున్నాం.
గోడమీద పిల్లలు రంగులేసిన ఓడ, ఏనుగులు.
బల్లకొక గులాబీరంగు స్పాంజి.
"ఇదీ మీ మొదటి పేషెంటు" అంది గ్లెనిస్ థారట్,
బడిపిల్లల భుజాలకి ముప్పై ఏళ్లు సూదులేసి రిటైరైన నర్సు.
"అరవదు. ఫిర్యాదు రాయదు."

భుజంమీది ఎముక అంచు తడిమి పట్టుకోవాలి.
అక్కణ్ణించి రెండు వేళ్లు కిందికి.
"ఎవరి వేళ్లు?" అన్నాడు క్లీథోర్ప్స్ నుంచి వచ్చిన ఒబియోరా.
అందరం నవ్వాం. గ్లెనిస్ నవ్వలేదు.
మరీ పైన గుచ్చితే మందు కీలులోకి పోతుంది,
ఆ మనిషి నెలల తరబడి కోటు తొడుక్కోలేడు.
మరీ పక్కకైతే నరం.
మధ్యలో ఒక త్రికోణం, కొస కిందికి.
నాకు తలకిందులుగా పెట్టిన సమోసా గుర్తొచ్చింది,
పైకి అనలేదు.

సూది నిటారుగా.
తర్వాత రుద్దకూడదు.
అన్నిటికన్నా అదే కష్టమైంది నాకు.
నొప్పి తగిలినచోట రుద్దకుండా ఉండడం
మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

మధ్యాహ్నం కాళ్లు లేని బొమ్మమనిషి గుండె నొక్కాం,
ముప్పై నొక్కులు, రెండు ఊపిర్లు,
మోకాళ్ల కింద చెక్కనేల చల్లగా.
"లక్షల్లో ఒకరికి వికటిస్తుంది" అంది గ్లెనిస్,
"ఆ ఒకరు మీ కుర్చీలోనే కూర్చుంటారనుకుని
అడ్రినలిన్ చేతికందేచోట పెట్టుకోండి."

అక్టోబరు.
అట్టపెట్టెలు సర్దే వెనకగదిలో ఇప్పుడు
రెండు కుర్చీలు, సూదులకి పసుపుడబ్బా,
నా వెనక గోడకానుకుని, చేతులు కట్టుకుని గ్లెనిస్.

మొదట వచ్చింది విల్ఫ్ సోవర్బీ.
డాక్‌లో నలభై ఏళ్లు కాడ్ చేపల్ని చీల్చినవాడు,
ఎడమచేతికి రెండు వేళ్లు సగమే ఉన్నవాడు,
సూది చూసి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.
"నేను ఎన్నోవాణ్ణి?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.
"స్పాంజిని కలిపితే నలభై ఒకటో వారు.
మనుషుల్లో మొదటివారు."

కాసేపు ఏమీ అనలేదు. బయట ఎవరో
దగ్గుమందు కోసం గంట కొట్టారు.
"నేనూ మొదటి చేపని పాడుచేశాను" అన్నాడు,
"అదీ ఫిర్యాదు రాయలేదు."
చొక్కా భుజందాకా మడిచాడు.

వెలిసిపోయిన పచ్చబొట్టు, ఒక ట్రాలరు.
ఎముక అంచు దొరికింది.
వెచ్చగా ఉన్నాడు.
ఇన్నేళ్లూ నేను సంచుల్లో కట్టి పంపిన మందులన్నీ
ఈ వెచ్చదనంలోకే వెళ్లాయన్నమాట,
నాకు చెప్పకుండా.

"మొదలుపెట్టలేదా?"
"అయిపోయింది."

నా బొటనవేలు రుద్దబోయి ఆగింది.

హస్తవాసి అంటాం మేం.
గుణం మందుదో చేతిదో తేల్చకుండా
తెలివిగా వదిలేసిన మాట.
గ్లెనిస్ ఫారంలో ఆ గడి లేదు.
"సమర్థురాలు" ఉంది. దాని పక్కన టిక్కు పెట్టి,
"మోచెయ్యి కాస్త వదులుగా పెట్టు" అంది.

పదినిమిషాలు కూర్చున్నాడు విల్ఫ్,
షాంపూల అరకి ఎదురుగా, ధరలన్నీ చదువుతూ.
వెళుతూ వెళుతూ తలుపు దగ్గర
లోపలికొస్తున్న ఒకామెతో గొంతు తగ్గించి, నాకు వినపడేలా:
"ఆవిడకిది మొదటిసారి. భయపెట్టకు."

చేతులు కడుక్కున్నాను.
ఒబియోరాకి ఫోను చేసి, ఎన్నయ్యాయి అని అడిగాను.