మాటు

పీణ్యా రెండో స్టేజి, నైట్ షిఫ్టు.
నల్ల డబ్బా ఒకటి, పాలరంగు మూత ఒకటి.
ఏదో కారు బానెట్ కింద కూర్చుంటుందట ఇది,
ఏ కారో నాకు చెప్పలేదు.
డబ్బా మీద మూత పెట్టి, బిగించి,
తలుపు మూసి, పచ్చ బటన్ నొక్కుతాను.
అంతవరకే నా పని. మిగతాది వెలుగు పని.

ఆ వెలుగు కంటికి ఆనదు.
మూతలోంచి మూతకే తెలియకుండా దూరిపోయి
నలుపు తగిలినచోట ఆగుతుంది.
నలుపు దాన్ని తాగేస్తుంది,
తాగి వేడెక్కుతుంది, వేడెక్కి కరుగుతుంది.
ఆ సెగకు పైది కూడా మెత్తబడుతుంది.
నాలుగు సెకన్లు.
తలుపు తెరిస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.
పొగ లేదు, వాసన లేదు, పైన గీతైనా లేదు.

మా పావగడ వైపు చిల్లుపడ్డ బిందెకు
సీసం కరిగించి వేసేదాన్ని మాటు అంటారు.
చాటునూ మాటు అనే అంటారు.
ఈ రెండూ ఒకేచోట కలిసి కూర్చోవడం
నేను చూసింది ఈ మిషన్లోనే:
మూత మాటున మాటు.

మధ్యలో వెంట్రుకంత సందున్నా అతకదు.
కింది వేడి పైదాకా రాదు.
అందుకే ముందు బిగింపు, తర్వాతే వెలుగు.
మడకశిర నుంచి కొత్తగా వచ్చిన ఓబుళేసుకు
మూడు రాత్రులు ఇదే చెప్పాను.
నాలుగో రాత్రి నలభై ఆరు డబ్బాలు కారాయి.
వెతగ్గా వెతగ్గా బిగింపు అంచున దొరికింది
వాడి గ్లవుజు పీలిక, ఈగ రెక్కంత.

నూటికి ఒకదాన్ని తీసుకుపోయి
క్వాలిటీ భోజరాజు పట్టకారుతో చీలుస్తాడు.
అతుకు దగ్గర ఊడితే లాటంతా బుట్టపాలు.
అతుకు నిలబడి పక్కన చిరిగితే పాస్.
"కలిశాయో లేదో తెలియాలంటే
ఒకటి చావాల్సిందే కదక్కా" అంటాడు,
బన్ను టీలో ముంచుకుంటూ.

ఆ తర్వాత ఇంకో మిషను అంకెలు వేస్తుంది.
సిరా ఉండదు. నల్ల ప్లాస్టిక్ ఒంటి మీద
సన్నటి బుడగలు పొంగి తెల్లబడతాయి:
తేదీ, లాటు నంబరు, షిఫ్టు సి.
గోటితో గీకినా, స్పిరిట్‌తో తుడిచినా పోవు.
ఆ ఒక్క సి లోనూ మేం పదకొండు మందిమి.

ఆదివారం లగ్గెరెలో, మా సందులోకి
హుసేన్ పీరా కేకేసుకుంటూ వచ్చాడు.
బకెట్లు, బిందెలు, టబ్బులు.
పగిలిన నా నీలం బకెట్టు ముందేసుకుని
బొగ్గుల మీద ఇనప బద్ద ఎర్రగా కాల్చాడు.
ఎవరిదో పాత కుర్చీ ముక్క కరిగించి
పగులు పొడవునా పూశాడు.
ఆ కంపు మూడిళ్ళలోకి వెళ్ళింది,
పైఅంతస్తు ఆమె కిటికీ ధడాలున మూసింది.

"నువ్వేం పని చేస్తావమ్మా?"
"నీ పనే, పీరా."
లోపలికెళ్ళి రిజెక్టు డబ్బా ఒకటి తెచ్చిచ్చాను.
తిప్పాడు, మూలమూలా గోరు పెట్టి తడిమాడు,
ఎండకెత్తి ఒక కన్ను మూసి చూశాడు.
"అతుకేదీ?"
"కనపడదు. లోపలుంది."

చాలాసేపు అట్లాగే పట్టుకున్నాడు.
నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు.
"కనపడకపోతే
కూలి ఎట్లా అడుగుతావమ్మా?"

రెండు నెలల ఓవర్‌టైము ఇంకా పడలేదని
ఇతనికెవరు చెప్పారు?

నలభై ఇచ్చాను, బేరమాడకుండా.
నీలం మీద నల్లగా, జెర్రి పాకినట్టు,
ఎవరికైనా వీధి చివరినుంచే కనపడే అతుకు.
కుళాయి కింద పెట్టి నింపాను.
అలవాటు చావదు, పన్నెండు లెక్కపెట్టాను.
అడుగున అరచెయ్యి పెట్టి చూశాను.
తడి లేదు.

భోజరాజైతే దీన్నీ చీల్చి చూసేవాడు.
నేను తలకు పోసుకున్నాను.