ఎన్ని గంటల నీళ్ళు

జిలానీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చిన ఊరు ఇది.
లారీ ఆటకి ఎవరో అతికించిన కోస్తా రోడ్డు,
రోడ్డు పక్కన కాలవ, కాలవ పక్కన గుంటలు.
అన్నీ కుదిరినై, నీళ్ళు తప్ప.
నీళ్ళు నీలంగా ఉండాయి.

విడవలూరు మండలంలో పుట్టి పెరిగి
నేను ఒక్క చెంచాడు నీలం నీళ్ళు చూళ్ళేదు.

పగలు నా పని నీళ్ళు చూడటమే.
నలుపూ తెలుపూ పూసిన రేకు బిళ్ళని తాడుకి కట్టి
రొయ్యల గుంటలో దించుతాను.
కంటికి ఆనకుండా పోయిన చోట తాడు పట్టుకొని
కొలుస్తాను.
ముప్పై ఐదు సెంటీమీటర్లయితే
మస్తానయ్య ఆ పూట టీ ఇప్పిస్తాడు.
అరవై దాటితే గుంట పలచబడిందని గొణుగుతాడు.
ఇరవైకి దిగితే అసలు మాట్లాడడు.

రాత్రి మోటారు షెడ్డులో
మూత ఊడబెరికిన సిపియుకి టేబుల్ ఫ్యాను తిప్పిపెట్టి
అదే పని మళ్ళీ మొదలుపెడతాను.
నీళ్ళ ఫైలు తెరిస్తే అంకెలు, కామాలు.
కాలవా గుంటలూ సముద్రమూ కలిపి
పదకొండు వరసలు.

నీలం తగ్గించి ఎరుపు పెంచాను.
మొదటిసారి నెత్తురైంది.
రెండోసారి చేపల పులుసు.
మూడోసారి రంగు కుదిరింది గానీ
నడి వేసవి మధ్యాన్నం
లారీ కింద తారు రోడ్డు కూడా తడిసి మెరిసింది.

పెంచలయ్య, రాత్రి కాపలా,
బీడీ గోడకి నలిపి నా భుజం మీంచి వంగాడు.
"ఏందబ్బయ్యా ఈ అద్దం?
గాలి తగిలిన నీళ్ళలో మొహం కనపడతదా?"
మెరుపు సగానికి సగం కోశాను.
"అలలు బో పెద్దయి. గుంటకి అంత కోపం రాదు."
సున్నా పాయింట్ సున్నా నాలుగు.
అప్పుడు కాసేపు చూసి
"ఇవి ఎన్ని గంటల నీళ్ళు?" అన్నాడు.

పదకొండు వరసల్లో ఆ మాట లేదు.

సూర్యుణ్ణి వంచాను. పొగమంచు అరువు తెచ్చాను.
ఆటలో గడియారాన్ని తెల్లారుజామున మూడుకి తిప్పాను.
ఏమీ కనపడలేదు.
వెలుగు పెంచితే చీకటి పోలేదు,
బూడిదైంది.
సెకనుకి పద్నాలుగు బొమ్మలు,
లారీ నత్తి నత్తిగా నడుస్తోంది.
ఇంకొంచెం, ఇంకొక్క అంకె అనుకుంటుండగా

కరెంటు పోయింది.

ఏరియేటర్లు ఆగిన నిశ్శబ్దం
గుంటల మీద పనిచేసినోళ్ళకే తెలుసు.
వెనక యూపీఎస్ కుయ్యి కుయ్యిమంటోంది,
దాచుకో దాచుకో అని.
నేను జనరేటర్ వైపు పరిగెత్తాను.

పెంచలయ్య టార్చి గట్టు వారన నీళ్ళ మీద పడింది.
కళ్ళు.
వేలకి వేలు, ఎర్రగా,
ఊదిన పొయ్యిలో నిప్పురవ్వల్లాగా
గాలి కోసం పైకి తేలిన రొయ్యల కళ్ళు.
పగలంతా ఈ గుంట చుట్టూ తిరిగే నేను
దాని మొహం చూసింది అప్పుడే.
"తిప్పు, తిప్పు" అని ఆయన అరుస్తున్నాడు.

హ్యాండిల్ మూడుసార్లు ఎదురు తన్నింది.
నాలుగోసారి అందుకుంది.
చక్రాలు తిరిగినై. నురుగు లేచింది,
టార్చి రంగులో, పసుపుగా.
కళ్ళు ఒక్కొక్కటే
లోపలికి దిగిపోయినై.

షెడ్డుకి వచ్చేసరికి యూపీఎస్ చచ్చిపోయింది.
మళ్ళీ తెరిస్తే
ఏ అంకే మిగల్లేదు. గుంటలు నిండా
ఎవరిదో, ఏ దేశానిదో నీలం.

అంతలో మస్తానయ్య ఫోను.
"కరెంటు పోయిందంటగా, నీళ్ళు ఎట్టా ఉండాయిరా?"
తెర వైపే చూస్తూ
నీలంగా, అనబోయి నాలిక్కరుచుకున్నాను.

చీకట్లో బిళ్ళ కనపడదని తెలుసు.
అయినా చెయ్యి
మేకుకి తగిలించిన తాడు కోసం
తడుముకుంటా ఉంది.