ఎన్నిసార్లయినా

పన్నెండొందలు కడితే
ఏడాదంతా ఎన్నిసార్లయినా వస్తానని
రసీదు మీద నేనే అచ్చేయించాను.
చుట్టుగుంట మస్తానమ్మ
దాన్ని అక్షరాలా నమ్మింది.

సీపీయూ మూత తీస్తే
ఫ్యాను రెక్కల నిండా ఎర్రటి పొడి,
మిర్చియార్డు గాలి.
ఇద్దరం తుమ్ముతాం.
"మిషనుక్కూడా ఘాటెక్కింది బాబూ" అంటుంది
చీటీల లెక్క పక్కకి జరుపుతూ.

ఈ నెల ఇది నాలుగోసారి.

బ్రాడీపేట డాక్టరు మూడేళ్లుగా కడుతున్నాడు,
ఒక్కసారీ పిలవలేదు.
ఆయన డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని
ఈమె ఇంటికొస్తుంటాను.

నిన్న ఆయన ఫోను.
మానేస్తాడనుకుని, నిజం చెప్పొద్దూ,
చేతులు చల్లబడ్డాయి.
మౌస్ కదలట్లేదట.
సెల్ మార్చాను, అంతే.
"మీరు నిజంగానే ఉన్నారన్నమాట" అన్నాడు.

సంచి సర్దుకుంటుంటే
కాస్త ఎర్రపొడి ఆయన బల్ల మీద రాలింది.
తుడిచేలోపే
తుమ్మాడు.