గుణుపురం స్టేషన్ గోడ

ఎర్రమట్టి గోడ మీద తెల్లటి మనుషులు:
రెండు త్రికోణాలు మొనకు మొన ఆన్చితే ఒక ఒళ్లు.
ముఖాల్లేవు. చేతులు మాత్రం ఒకదాన్నొకటి వదల్లేదు.

పెళ్లి, అన్నాను నేను.
రేషన్ క్యూ, అన్నాడు టీ అమ్మే దాలినాయుడు.
"ఒకడి చంకలో గొడుగు, వెనకవాడికి విసుగు."
ముఖం లేనివాడికి విసుగెక్కడిది?
"నడుములో ఉంది బాబూ."
నిజమే. నడుములోనే ఉంది.

నిచ్చెన మీది సుకాంతి గొమాంగో
వెదురుపుల్ల బియ్యప్పిండిలో ముంచి
మా వైపు తిరగకుండానే, సగం ఒడియా సగం తెలుగు:
"ముప్పై మందిని వెయ్యమన్నాడు కాంట్రాక్టరు.
తలకి ఇరవై.
ముప్పై ఒకరు పడ్డారు."

ఎవరా ఎక్కువ మనిషి?
"తెలిస్తే చెరిపేద్దును."

పాసింజరు వచ్చింది.
టీ చేతిలోనే చల్లారింది.
నేనింకా పదిహేడు దగ్గరే ఉన్నాను,
గొడుగువాణ్ణి లెక్కపెట్టానో లేదో.