రెండు మార్కుల ప్రశ్న

జనగామ కాలేజీలో గంటంటే
తాడుకు వేలాడే రైలుపట్టా ముక్క.
అటెండరు కొంరయ్య దాన్ని కొట్టినప్పుడల్లా
కాజీపేట పుష్‌పుల్ ఇంకోసారి పోయినట్టుంటుంది.

రెండో పీరియడు. రసాయన బంధం.
గళ్ళుప్పు బెడ్డను బల్ల మీద పెట్టి
సుత్తితో ఒక్కటిచ్చాను. పిండి పిండి.
"ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ
పక్కపక్కన ఉన్నంతసేపే ఈ కాపురం.
ఒక్క వరస జరిగిందా,
ఇచ్చినవాడికి ఎదురుగా ఇచ్చినవాడే.
ఇక ఒకరి మొహం ఒకరు చూడరు."
వెనక బెంచీ నవ్వింది.
నీటిబొట్టు సంగతీ చెప్పాను,
స్టేషన్ ముందు వన్ బై టూ చాయ్ పొత్తు అని.

తర్వాత రాగితీగ. వంచాను, విరగలేదు.
పుస్తకంలో ఉన్నదే చదివాను:
ఎలక్ట్రాన్ల సముద్రంలో మునిగిన ధన అయాన్లు.
"సముద్రం చూసినవాళ్ళు చేతులెత్తండి."
అరవై మందిలో ఒక్క చెయ్యీ లేవలేదు.
నేను చూసిందీ ఒక్కసారే,
రాత్రి, బస్సు కిటికీలోంచి.
చప్పుడే తప్ప నీళ్ళు కనబడలేదు.

మూడో వరసలో స్వరూప లేచింది.
"మేడారంల సార్, జంపన్నవాగు కాడ
అమ్మ చెయ్యి ఇడిసిపోయింది.
కాళ్ళు భూమికి ఆనుతలేవు. అయినా పడలే.
ఎవలు పట్టుకున్నరంటే ఎవలని చెప్పాలె?
మందే పట్టుకున్నది."

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.
కొంరయ్య గంట కొట్టాడు.

ఆదివారం పెంబర్తి వెళ్ళాను.
స్వరూప వాళ్ళ నాన్న మొగిలాచారి
ఇటుకపొడి కలిపిన లక్కమెత్త మీద
ఇత్తడిరేకు బోర్లించుకుని కూర్చున్నాడు.
ఏదో గుడి తలుపుకట, తామరపువ్వు సగమైంది.

"లోహం సాగుతదన్నరట క్లాసుల.
ఎంతదాంక సాగుతది సార్?"

నేను తడుముకున్నాను.
"కొట్టంగ కొట్టంగ మొండికేస్తది.
మన మాటినది. గప్పుడు ఇంకో దెబ్బేసినమా,
పర్రెవడ్తది."
లోపల పరమాణువుల వరసల్లో తప్పులుంటాయని,
దెబ్బదెబ్బకూ అవి ఒకదానికొకటి చిక్కుపడతాయని
నాకు తెలిసింది చెప్పాను.
వింటూనే రేకును లక్కలోంచి ఊడదీశాడు,
పట్టకారుతో పొయ్యిలో పెట్టాడు.
ఆయన చూసేది రంగొక్కటే.
కుంకుడుగింజ నలుపు మెల్లగా
మోదుగుపువ్వు వైపు తిరిగేదాకా చూసి, తీశాడు.
చల్లారాక నా చేతికిచ్చాడు:
చెవి మడిచినట్టు మడతపడింది.

"కాలితె దెబ్బలు మర్చిపోతది సార్.
పువ్వును మర్వదు," అని
చింతపండు పిసకడానికి లేచాడు.

అర్ధసంవత్సరం పేపర్లు.
లోహబంధం అనగానేమి? రెండు మార్కులు.
అందరూ సముద్రమే రాశారు.
స్వరూప మాత్రం "అయాన్లు మందిలో" అని మొదలుపెట్టి,
'మందిలో' కొట్టేసి
పైన చిన్నగా 'సముద్రంలో' అని దిద్దింది.

కొట్టేసిన మాటకు మార్కులివ్వమని
ఏ రూలూ లేదు.
ఎర్రపెన్ను మూత తీసి కూర్చున్నాను.
ఆ మాట మీద రెండు గీతలున్నాయి,
గట్టిగా, కాగితం అవతలికి అచ్చుపడేలా.
కొట్టినా పోలేదది.
చదవొస్తూనే ఉంది.