మూడు రోజుల సీసా

పటమట దాటాక, బందరు కాలువ గట్టు మీద
తాడు కట్టిన బకెట్ కిందికి దించుతాను.
గొట్టం నోట్లోంచి నల్లగా, నురగగా,
ఎవరో పుక్కిలించి ఉమ్మినట్టు.

సీసా మీద తేదీ, టైము, నా సంతకం.
హద్దు: లీటరుకి ముప్పై మిల్లీగ్రాములు.
ల్యాబులో సలోమి మేడం దాన్ని
చీకటి పెట్టెలో పడుకోబెడుతుంది,
ఇరవై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
మూడు రోజులు,
పురిటిబిడ్డని చూసుకున్నట్టు.

మిగతా నీళ్లు ఆగవుగా.
కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు,
ఊరూరా ఇంకొంచెం కలుపుకుని
బందరు అవతల ఉప్పులో దిగిపోతాయి.

మొన్న అక్కడ నాంచారయ్య వల దులుపుతూ అడిగాడు:
"మీ కాగితంలో మా గడి ఎక్కడ సారూ?"
వెతికాను.
'చేరే చోటు' అన్న దగ్గర 'కాలువ' అని ఉంది.
నా చేతిరాతే.

ఇవాళ నాలుగో రోజు. నలభై ఒకటి వచ్చింది.
నోటీసు టైపవుతోంది.
'కాలువ' కొట్టేసి 'సముద్రం' అని రాశాను.
సూపరింటెండెంటు కళ్లజోడు పైకి తోసి
వైట్‌నర్ తెమ్మన్నాడు.

తేలేదు. సీసా కడుగుతున్నాను.
ఈ కడిగిన నీళ్లు సింకులోంచి
ఎక్కడికెళ్తాయో
నాకు తెలుసు.