ఉల్లిపాయలో సగం

మా క్లబ్బులో ఆదివారం రాత్రి గ్రిల్లు తోమరు.
తిన్నాక దాని జోలికి పోవద్దంటాడు ఎల్బియో.
గడ్డకట్టిన కొవ్వే చువ్వలకి దుప్పటి.
ఉరుగ్వే నది మీంచి వచ్చే చెమ్మకి
ఒట్టి ఇనుము తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది.
కడుగుడు ఏదైనా వండబోయే ముందే.

ఫ్రాయ్ బెంతోస్‌లో, మూతపడ్డ మాంసం ఫ్యాక్టరీ వెనక
రేకుల పంచ, ఇటుక పొయ్యి,
ఇద్దరు పడుకునే మంచమంత గ్రిల్లు, కొంచెం వాలుగా.
ముప్పై ఏళ్లు దాని ముందు మగవాళ్లే నిలబడ్డారు.
ఎల్బియో కళ్లలో పొర కమ్మాక
పట్టకారు నా చేతికొచ్చింది.
కొందరు దగ్గారు. కొందరు వైన్ పోసుకున్నారు.

మొదటి రోజు నేను సబ్బునీళ్ల బకెట్ తెస్తే నవ్వాడు.
"నిల్దా, అది ప్లేటు కాదు.
నువ్వు తోమకు, నిప్పు తోముతుంది.
నీ వంతు కాచుకోవడం."

కాచుకున్నాను.
కట్టెలు కూలి కణకణలాడే దాకా,
ఆ నిప్పులు చువ్వల కింద పరిచి
పోయినవారం పక్కటెముకల మాడు
పొగై, చిటపటై, బూడిద రంగు పొట్టై లేచే దాకా.
ఒక్క నీటిచుక్క చిలకరిస్తే
అంటుకోకుండా గెంతుకుంటూ పోవాలి.
అప్పుడు పాత పేపరు తడిపి, పిండి, ఉండచేసి
పొడుగు పట్టకారుతో పట్టి
పైనుంచి కిందికి, వాలు వెంబడే.
ఎన్నికల ఫలితాలు, ఫుట్‌బాల్ స్కోర్లు,
ఎవరిదో సంతాప ప్రకటన,
అన్నీ ఒకే నలుపులోకి.

మందు కొట్టి కడిగే డబ్బాలు అంగట్లో ఉన్నాయి.
"పొయ్యి మీద నురగ చల్లిన చేత్తోనే
ఉప్పు చల్లుతావా?" అంటాడు.

ఇంక బ్రష్షు సంగతి.
ఉప్పు డబ్బా పక్కన అరలో
వేలెడంత గాజు సీసా ఉంది.
అందులో మీసం వెంట్రుకంత తీగ ముక్క.
పదకొండేళ్ల కిందట
మిల్టన్ పట్నం నుంచి తెచ్చాడు తీగల బ్రష్షు,
తళతళలాడుతూ, ధర చీటీ కూడా తీయకుండా.
ఐదు నిమిషాల్లో గ్రిల్లు అద్దమైంది.
అందరూ వీపు తట్టారు.
ఆ మధ్యాహ్నం రోసెందో, వాడికప్పుడు తొమ్మిదేళ్లు,
సాసేజీ మింగి గొంతు పట్టుకున్నాడు.
ముల్లు అనుకున్నారు. సాసేజీలో ముల్లేంటి?
రాత్రి ఆసుపత్రిలో డాక్టరు తీసిచ్చింది ఇదే.
బ్రష్షు పళ్లలో ఒకటి.

రోసెందో ఇప్పుడు లారీ నడుపుతాడు, ఇద్దరి తిండి తింటాడు.
ఆ కథ చెప్పమంటే వాడికే సరిగా గుర్తులేదు.
గుర్తున్నది మిల్టన్‌కి.

ప్రతి ఆదివారం పది గంటలకి
కోటు జేబులో ఒక ఉల్లిపాయతో వస్తాడు.
పొట్టు తీయకుండా అడ్డంగా కోసి
సగం నా ఫోర్కుకి గుచ్చి ఇస్తాడు.
ఎవరూ అడగలేదు. ఎవరూ వద్దనలేదు.
వేడి చువ్వల మీద ఆ సగాన్ని రుద్దితే
ఇనుము చుయ్యిమని మూలుగుతుంది,
తియ్యటి ఘాటు పంచంతా పాకుతుంది,
పేపరుకి లొంగనిది దీనికి లొంగుతుంది.
చివర తెల్లగుడ్డ తడిపి ఒక్కసారి ఈడుస్తాను.
గుడ్డ ఎల్బియోకి ఇస్తాను.
కళ్లు సరిగా కనపడవు గనక
వేళ్లతో అంగుళం అంగుళం తడిమి చూస్తాడు.
"ఏం గుచ్చుకోలేదు," అంటాడు.
ఆ మాట మిల్టన్ వినేటట్టు గట్టిగానే అంటాడు.
ఆవు కొవ్వు ముక్కతో చువ్వలు మెరిపిస్తాను.

మిల్టన్ ఇన్నేళ్లూ ఇక్కడ రొట్టె, జున్నే తిన్నాడు.
పోయిన వారం
నా పట్టకారు కిందికి తన ప్లేటు చాచాడు.
ఒక సాసేజీ.
చాలాసేపు నమిలాడు, నాలుకతో వెతుక్కుంటూ.
ఇరవైమందిమి ఒక్కసారిగా
నది వైపు చూడాల్సిన పని పడింది మాకు.

ఉల్లిపాయలో రెండో సగం
నేను ఎప్పటిలాగే సన్నగా తరిగి
టమాటాల్లో కలిపాను.